రెండుసార్లు యుగోస్లావియా ఛాంపియన్ అయిన వోయ్వోదినా మళ్లీ ఎందుకు గెలవలేదు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో మన మీద గోల్ కొట్టిన వెసెలినోవిచ్, సెర్బియాలోని నోవీ సాద్ ఊరి క్లబ్ వోయ్వోదినా ఆటగాడని చదివారు. ఆ క్లబ్ 1966లోనూ 1989లోనూ యుగోస్లావియా లీగ్ గెలిచింది. ఆ తర్వాత ఒక్కసారి కూడా గెలవలేదు. ఇది రాజధాని బెల్‌గ్రేడ్ క్లబ్బుల కుట్రా, లేక చేతకానితనమా? చదువుకోసం ఆ ఊరే వెళ్తున్నారు కాబట్టి మ్యాచ్‌కి వెళ్లొచ్చా అని కూడా అడిగారు.

ముందు సూటిగా చెప్తాను. వోయ్వోదినాకు ఆటగాళ్లను తయారు చేయడం ఎప్పుడూ చేతనయింది, వాళ్లను అట్టిపెట్టుకోవడమే ఎప్పుడూ చేతకాలేదు. రెండు టైటిళ్లూ ఒక మంచి జట్టు చెదిరిపోయే ముందు దొరికిన కొద్దిపాటి వ్యవధిలో వచ్చినవే. కుట్ర అనే మాటలో అసలు నిజం లేదని అనను. కానీ డబ్బు ముందు అది చిన్న కారణం.

నా సంగతి ఒక్క మాట. ఆటగాళ్ల బదిలీల లెక్కలు చూసే ఉద్యోగం నాది. ఎవరు ఏ క్లబ్ నుంచి ఏ వయసులో ఎక్కడికి వెళ్లారు, ఎందుకు వెళ్లారు అన్నది రాసిపెట్టడమే పని. బాల్కన్ దేశాలు నా వాటాకి వచ్చాయి. ఆ పని మీదే నోవీ సాద్‌లో కొంతకాలం ఉన్నాను. అందుకే క్లబ్ చరిత్ర అనగానే నేను కప్పుల అల్మరా కంటే ముందు అమ్మకాల పుస్తకం చూస్తాను. ఈ క్లబ్ విషయంలో అసలు కథంతా అందులోనే ఉంది.

క్లబ్ పుట్టింది 1914 మార్చి 6న. అప్పటికి నోవీ సాద్ ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉంది. పెట్టింది సెర్బు కుర్రాళ్లు, ఎక్కువమంది విద్యార్థులు. ప్రాగ్‌లో చదువుకుంటూ అక్కడి స్లావియా క్లబ్‌ను అభిమానించినవాళ్లు వాళ్లలో ఉన్నారు. ఇప్పటికీ వోయ్వోదినా వేసుకునే ఎరుపు తెలుపు రంగులు అక్కడి నుంచి తెచ్చుకున్నవే. సామ్రాజ్యంలో సెర్బు యువకులు గుంపుగా చేరితే పోలీసులు ఊరుకోని రోజులవి, కాబట్టి అది ఆట ఒక్కటే కాదు. ఆ వేసవిలో పక్కనున్న కోవిల్ గ్రామంలో ఒక మ్యాచ్ ఆడారో లేదో, మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. రెండు యుద్ధాల మధ్య కాలం గురించి ఇక్కడ పెద్దగా చెప్పను, మీ ప్రశ్నకు అది అవసరం లేదు. రెండో యుద్ధం తర్వాత కొన్నేళ్లు స్లోగా అన్న పేరుతో ఆడి, 1951లో మళ్లీ పాత పేరు తెచ్చుకున్నారు.

ఇక మీరు చదివిన వెసెలినోవిచ్. పూర్తి పేరు తోదోర్, ఊళ్లో అందరికీ తోజా. నోవీ సాద్‌లోనే పుట్టాడు. యుగోస్లావియా లీగ్‌లో నాలుగు సీజన్లలో అత్యధిక గోల్స్ వీరుడు. మెల్‌బోర్న్‌లో ఇండియా ముందు గోల్ కొట్టింది, నెవిల్ డిసౌజా. రెండు నిమిషాలకే పాపెత్స్ సమం చేశాడు, ఆ వెంటనే వెసెలినోవిచ్ కొట్టాడు. చివరికి 4–1. ఆ ఇండియా జట్టు కోచ్ మన హైదరాబాద్ రహీమ్ సాబ్, జట్టులో సికింద్రాబాద్ కుర్రాడు బలరాం. అంతకుముందు 1952 హెల్సింకీలో మనల్ని 10–1తో చిత్తు చేసిన యుగోస్లావియా బృందంలోనూ ఒక వోయ్వోదినా మనిషి ఉన్నాడు, వుయాదిన్ బోష్కోవ్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ వస్తుంది.

బోష్కోవ్ నోవీ సాద్ పక్కన బెగెచ్ అనే పల్లెవాడు. 1940ల చివరి నుంచి 1960 దాకా వోయ్వోదినాకి ఆడాడు. వెసెలినోవిచ్, అతనూ కలిసి ఆడిన రోజుల్లో జట్టు 1957లో లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. 1962లో మళ్లీ రెండో స్థానం దక్కింది కానీ అప్పటికే ఇద్దరూ ఇటలీ వెళ్లిపోయారు, సాంప్‌డోరియాకి. అంటే ఆ తరం టైటిల్ గెలవకుండానే ముగిసింది. అయితే బోష్కోవ్ 1964లో తిరిగొచ్చాడు, ఈసారి టెక్నికల్ డైరెక్టర్‌గా. నా దృష్టిలో ఈ క్లబ్ చరిత్రలో అతి ముఖ్యమైన నియామకం అదే. రోజూ జట్టును నడిపించే కోచ్ బ్రాంకో స్టాంకోవిచ్, అతనూ హెల్సింకీ వెండి పతక బృందంలోని వాడే. ఎవరిని తీసుకోవాలి, ఎవరిని పెంచాలి అన్నది మాత్రం బోష్కోవ్ చూసుకునేవాడు.

1965–66 సీజన్లో టైటిల్ వచ్చింది. గోల్‌కీపర్ ఇలియా పాంతెలిచ్, మధ్యలో త్రివిచ్, ముందు సిల్వెస్టర్ తాకాచ్, పూషిబ్ర్క్. అదే వసంతంలో బెల్‌గ్రేడ్ పార్టిజాన్ యూరోపియన్ కప్ (ఇప్పటి ఛాంపియన్స్ లీగ్) ఫైనల్ దాకా వెళ్లి రియల్ మాడ్రిడ్ చేతిలో 2–1తో ఓడింది. వాళ్ల శ్రద్ధ అటు పోవడం వోయ్వోదినాకి కలిసొచ్చింది. కొందరు దీన్ని తక్కువ చేసి అదృష్టం అంటారు. నేను ఒప్పుకోను. మరుసటి ఏడాది యూరప్‌లో వాళ్లు ఆడిన తీరు చూస్తే ఆ మాట నిలవదు.

ఆ యూరప్ కథ కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మీ ప్రశ్నకు జవాబు దాదాపు పూర్తిగా అందులో ఉంది.

మొదటి రౌండ్లో వియన్నా జట్టు అడ్మిరాను దాటారు. రెండో రౌండ్లో అట్లెటికో మాడ్రిడ్. నోవీ సాద్‌లో 3–1 గెలిచారు, మాడ్రిడ్‌లో 0–2 ఓడారు. మొత్తం 3–3. మొత్తం గోల్స్ సమానమైతే ప్రత్యర్థి ఊళ్లో ఎక్కువ గోల్స్ కొట్టిన జట్టు ముందుకెళ్లే ‘బయట గోల్’ లెక్క, ఇప్పుడు పాతబడింది, ఆ టోర్నీలో అప్పటికి లేదు. ఉండి ఉంటే వోయ్వోదినా ఇంటికి పోయేది, ఎందుకంటే అట్లెటికో నోవీ సాద్‌లో ఒక గోల్ కొట్టింది. ఆ లెక్క లేదు కాబట్టి మూడో మ్యాచ్ పెట్టారు, అదీ మాడ్రిడ్‌లోనే. ప్రత్యర్థి ఊళ్లో, అదనపు సమయంలో 3–2తో గెలిచి క్వార్టర్ ఫైనల్ చేరారు. అక్కడ ఎదురుపడింది జాక్ స్టీన్ కోచ్‌గా ఉన్న గ్లాస్గో సెల్టిక్.

ఇక్కడే అమ్మకాల పుస్తకం తెరుచుకుంటుంది. రాత్రి మ్యాచ్‌కి నోవీ సాద్ స్టేడియంలో ఫ్లడ్‌లైట్లు కావాలి, క్లబ్ దగ్గర డబ్బు లేదు. తాకాచ్‌ను ఫ్రాన్స్‌లోని రెన్ క్లబ్‌కి అమ్మి ఆ డబ్బుతో లైట్లు వేయించారని ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. క్లబ్ చరిత్రలో అతి పెద్ద మ్యాచ్ జరిగింది, అందులో ఆడాల్సిన మనిషి మాత్రం లేడు! స్టేడియంలో నా పక్క సీట్లో ఎప్పుడూ ఒక పెద్దాయన కూర్చునేవాడు. కాగితం పొట్లంలోంచి పొద్దుతిరుగుడు గింజలు తీసి, పంటితో చిట్లించి, పొట్టు బూట్ల ముందు ఊస్తూ మ్యాచ్ చూసేవాడు. సాయంత్రం లైట్లు వెలిగినప్పుడల్లా చేయి పైకెత్తి చూపించి "అదిగో తాకాచ్" అనేవాడు. స్తంభాలు, బల్బులు అప్పటివి కావనుకోండి, ఆయనకు అది పట్టదు.

1967 మార్చి 1న నోవీ సాద్‌లో 1–0తో వోయ్వోదినా గెలిచింది. సెల్టిక్ డిఫెండర్ గెమ్మెల్ వెనక్కి సరిగా పాస్ ఇవ్వలేక తడబడితే స్టానిచ్ గోల్ చేశాడు. వారం తర్వాత గ్లాస్గోలో రెండో సగంలో చామర్స్ సమం చేశాడు. మొత్తం 1–1. ఇంకో నిమిషం ఆగితే మళ్లీ మూడో మ్యాచే. అప్పుడు కార్నర్ వచ్చింది, కెప్టెన్ మెక్‌నీల్ తలతో కొట్టి లోపలికి పంపాడు. అంతే. ఆ సెల్టిక్ మే 25న లిస్బన్‌లో ఇంటర్ మిలన్‌ను 2–1తో ఓడించి కప్పు ఎత్తింది. ఆ ఏడాది యూరప్‌లో తాము ఎదుర్కొన్న జట్లలో వోయ్వోదినానే గట్టిదని సెల్టిక్ ఆటగాళ్లు తర్వాత చెప్పారు. తాకాచ్ ఉంటే ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు? కానీ ఛాంపియన్ జట్టు లైట్లకోసం ఫార్వర్డ్‌ను అమ్ముకోవాల్సిన స్థితిలో ఉందంటే, ఆ జట్టు ఎంతకాలం నిలుస్తుందో అర్థమవుతుంది.

నిలవలేదు. బోష్కోవ్ 1971లో యుగోస్లావియా జాతీయ జట్టు బాధ్యతకి వెళ్లిపోయాడు. అక్కడి నుంచి నెదర్లాండ్స్, స్పెయిన్. రియల్ మాడ్రిడ్‌తో 1980లో స్పెయిన్ లీగ్, సాంప్‌డోరియాతో 1991లో ఇటలీ లీగ్. నోవీ సాద్‌లో 1975లో ఒక రెండో స్థానం, 1977లో మధ్య యూరప్ క్లబ్బుల పోటీ మిత్రోపా కప్ తప్ప చెప్పుకోదగ్గది లేదు. 1986లో ఏకంగా రెండో డివిజన్‌కి పడిపోయారు.

తర్వాత జరిగింది చూడండి. ఒక్క ఏడాదిలో పైకొచ్చి, ఇంకో రెండేళ్లకు 1988–89లో ఛాంపియన్లయ్యారు. కోచ్ ల్యుప్కో పెట్రోవిచ్. అప్పుడు లీగ్‌లో ఒక వింత రూల్ పెట్టారు: మ్యాచ్ డ్రా అయితే పెనాల్టీలు కొట్టాలి, గెలిచినవాడికి ఒక పాయింటు, ఓడినవాడికి సున్నా. ఆఖరి దాకా టెన్షన్ తట్టుకునే జట్టుకే లాభం. ఆ జట్టులో బెల్‌గ్రేడ్‌లోని ఇంకో పెద్ద క్లబ్ రెడ్ స్టార్‌కి, గ్రీస్‌లో ఒలింపియాకోస్‌కి ఆడొచ్చిన సీనియర్ మిలోష్ షెస్టిచ్ ఉన్నాడు. కుర్రాళ్లలో ఇద్దరి పేర్లు మీరు వినే ఉంటారు: బొరోవో నుంచి వచ్చిన సినిషా మిహాయ్లోవిచ్, నోవీ సాద్‌లోనే పుట్టిన స్లావిషా యోకనోవిచ్. టైటిల్ గెలిచేనాటికి ఇద్దరూ ఇరవై ఏళ్లవాళ్లే.

ఈ టైటిల్ వెనక ఒక కారణాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. యుగోస్లావియాలో ఒక వయసు వచ్చేదాకా, చాలాకాలం పాటు అది 28, ఆటగాడు విదేశీ క్లబ్‌కి వెళ్లడానికి వీల్లేదు. ఎనభైల చివరికి ఆ కట్టు సడలుతూ వచ్చింది గానీ ఇంకా పూర్తిగా తెగలేదు. కాబట్టి ప్రతిభ ఉన్న ఇరవై ఏళ్ల కుర్రాడు దేశంలోనే ఉండాలి. నోవీ సాద్ లాంటి చోట ఒక తరం ఒకేసారి చేతికందితే రెండు మూడేళ్లయినా కలిసి ఆడే వీలుండేది. ఊళ్లో పుట్టినవాడిని జర్మనీయో స్పెయినో ఎగరేసుకుపోయే భయం లేదు.

బెల్‌గ్రేడ్ భయం మాత్రం ఉంది. అదే జట్టులోని వుయాచిచ్ పార్టిజాన్‌కి పోయాడు, తర్వాత యోకనోవిచ్ కూడా పార్టిజాన్‌కే. కోచ్ పెట్రోవిచ్ రెడ్ స్టార్‌కి వెళ్లాడు. 1990 డిసెంబరులో మిహాయ్లోవిచ్ కూడా రెడ్ స్టార్ చేరాడు. 1991 మేలో బారీలో మార్సెయ్‌ను పెనాల్టీల్లో ఓడించి యూరోపియన్ కప్ గెలిచిన రెడ్ స్టార్‌కి కోచ్ పెట్రోవిచ్, ఆ పెనాల్టీల్లో ఒకటి కొట్టినవాడు మిహాయ్లోవిచ్. రెండేళ్ల కింద ఇద్దరూ నోవీ సాద్‌లో కప్పు ఎత్తినవాళ్లు! వోయ్వోదినా మాత్రం 1989లో అదే యూరోపియన్ కప్‌లో మొదటి రౌండ్లోనే హంగరీ జట్టు హోన్వేద్ చేతిలో పోయింది: అక్కడ 0–1, ఇక్కడ 2–1. మొత్తం సమానం, కానీ ‘బయట గోల్’ లెక్కలో ఓటమి. 1966లో లేని రూల్ ఇరవై మూడేళ్లకు వచ్చి వసూలు చేసుకుంది.

మనవాళ్లకి ఇది కొత్త కథేం కాదు. యాభైలలో దేశానికి ఆటగాళ్లను ఇచ్చింది హైదరాబాద్, వాళ్లకు జీతం ఇచ్చింది కలకత్తా. బలరాం ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లిపోయాడు, ఇంకెందరో అదే దారి పట్టారు. నోవీ సాద్‌కీ బెల్‌గ్రేడ్‌కీ మధ్య దూరం ఇంకా తక్కువ, వంద కిలోమీటర్లు కూడా లేదు.

1989 తర్వాత ఏమైందో వేగంగా చెప్పేస్తాను. దేశం ముక్కలైంది. 1992లో ఐక్యరాజ్యసమితి ఆంక్షలతో క్లబ్బులు యూరప్ పోటీలకు దూరమయ్యాయి. 1998లో యూరప్‌లో వేసవి పోటీ అయిన ఇంటర్‌టోటో కప్ ఫైనల్ దాకా వెళ్లి జర్మనీ జట్టు వెర్డర్ బ్రెమెన్ చేతిలో ఓడారు. 1999 నాటో బాంబు దాడుల్లో నోవీ సాద్‌లో డాన్యూబ్ మీది మూడు వంతెనలూ కూలిపోయాయి. ఊరే అలా ఉంటే క్లబ్ సంగతి చెప్పాలా! ఈలోగా యూరప్‌లో 1995 నాటి బోస్మన్ తీర్పుతో ఒప్పందం ముగిసిన ఆటగాడికి దారులన్నీ తెరుచుకున్నాయి. పాత వయసు నిబంధన యుగోస్లావియాతోనే పోయింది. అంటే వోయ్వోదినాకి ఇదివరకు బెల్‌గ్రేడ్ ఒక్కటే పోటీ, ఇప్పుడు ప్రపంచమంతా పోటీ.

దుషాన్ తాదిచ్ 2006 నుంచి 2010 దాకా ఇక్కడ ఆడి నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌కి వెళ్లాడు. సెర్గేయ్ మిలింకోవిచ్-సావిచ్ ఇక్కడి అకాడమీలో పెరిగాడు, 2014లో పందొమ్మిదేళ్లకే బెల్జియంలోని గెంక్ కొనుక్కుంది. ఇలాంటి వరసలు మా ఆఫీసులో చాలా చూస్తాం. ఒక క్లబ్ మొదటి జట్టులో కుర్రాడు ఒకటిన్నర సీజన్ కంటే ఎక్కువ నిలవకపోతే, ఆ క్లబ్ లీగ్ గెలవడం గురించి మాట్లాడుకోవడం దండగ. ఓడితే ఇంటికే అనే నాకౌట్ పోటీ, కప్, గెలవచ్చు, అది వేరు.

కప్ సంగతి వచ్చింది కాబట్టి కుట్ర ప్రశ్నకూ ఇక్కడే జవాబిస్తాను. వోయ్వోదినా 1951లో యుగోస్లావియా కప్ ఫైనల్, 1997లో ఇంకో ఫైనల్, ఆ తర్వాత సెర్బియా కప్‌లో 2007, 2010, 2011, 2013 ఫైనల్స్ అన్నీ ఓడింది. 2011 ఫైనల్లో పార్టిజాన్‌తో ఆడుతూ రిఫరీ నిర్ణయాల మీద కోపంతో ఆట ముగియకముందే మైదానం వదిలి వెళ్లిపోయారు. నోవీ సాద్‌లో ఎవరినడిగినా ఆ మ్యాచ్ గురించి అరగంట చెప్తారు. రెడ్ స్టార్, పార్టిజాన్‌లతో ఆడేటప్పుడు రిఫరీ విజిల్ ఎటు వాలుతుందన్న అనుమానం దేశమంతటా ఉంది, అది ఊరికే పుట్టిందీ కాదు. కానీ ఇటలీలో బోష్కోవ్ పేరు మీద నిలిచిపోయిన మాట ఒకటుంది: రిఫరీ విజిల్ వేస్తేనే పెనాల్టీ. ఆయన ఫిర్యాదుల మీద కాలం గడపలేదు. 2013లో వాళ్లు ఓడింది కూడా బెల్‌గ్రేడ్ జట్టు చేతిలో కాదు, యాగొదినా అనే ఇంకా చిన్న ఊరి జట్టు చేతిలో. దానికి కుట్ర అని పేరు పెట్టలేం కదా.

మరుసటి ఏడాది అదే యాగొదినాను 2–0తో ఓడించి మొదటిసారి కప్ గెలిచారు. క్లబ్ పెట్టి సరిగ్గా నూరేళ్లు. 2014 ఏప్రిల్ 27న బోష్కోవ్ నోవీ సాద్‌లో కన్నుమూశాడు, ఫైనల్ మే 7న. ఆయన చూడలేకపోయాడు. ఇప్పుడు నోవీ సాద్ పక్క వెటెర్నిక్‌లోని క్లబ్ శిక్షణ కేంద్రానికి ఆయన పేరే పెట్టారు. 2015 వేసవిలో యూరోపా లీగ్ క్వాలిఫైయింగ్‌లో ఆయన ఆడిన, కోచ్‌గా గెలిపించిన సాంప్‌డోరియానే ఎదురుపడింది. ఇటలీ వెళ్లి 4–0తో కొట్టొచ్చారు! ఇంటి దగ్గర 0–2 ఓడినా ముందుకెళ్లారు. 2020లో పార్టిజాన్‌ను పెనాల్టీల్లో ఓడించి రెండో కప్ తెచ్చుకున్నారు.

లీగ్ మాత్రం వేరే లోకం. 1992 నుంచి రెడ్ స్టార్, పార్టిజాన్ కాకుండా లీగ్ గెలిచింది ఒక్క ఒబిలిచ్, 1998లో, అదీ బెల్‌గ్రేడ్ క్లబ్బే. రెడ్ స్టార్ 2018 నుంచి ఛాంపియన్స్ లీగ్ ప్రధాన దశలో పలుమార్లు ఆడింది. ఒక్కో సీజన్ అక్కడ ఆడితే వచ్చే డబ్బు, దేశంలో మిగతా క్లబ్బులు ఆటగాళ్లను అమ్మి సంపాదించేదానికి అందనంత ఎత్తులో ఉంటుంది. పైగా సెర్బియాలో పెద్ద క్లబ్బులు చాలావరకు ఇంకా సభ్యుల సంఘాల రూపంలోనే నడుస్తున్నాయి, పెట్టుబడి పెట్టేవాడికి వాటా దొరకదు. అధ్యక్షుడు మారితే విధానం మారిపోతుంది. 1964లో బోష్కోవ్‌కి దొరికినట్టు ఏడేళ్లు ఒకే మనిషికి పగ్గాలు ఇచ్చే ఓపిక ఇప్పుడు ఎవరికీ లేదు. నన్నడిగితే ఇందులో క్లబ్ తన చేతుల్లో మార్చుకోగలిగింది ఈ చివరి సంగతి ఒక్కటే. లైట్లకోసం తాకాచ్‌ను అమ్మడం తప్పనిసరి కావచ్చు, కానీ ప్రతి రెండేళ్లకూ క్రీడా విభాగాన్ని మొదటినుంచి కట్టుకోవడం తప్పనిసరి కాదు.

మీ రెండో ప్రశ్న. తప్పకుండా వెళ్లండి. స్టేడియం పేరు కరాజోర్జే, ఊరి మధ్యలోంచి నడిచి వెళ్లొచ్చు. మొదటిసారి చిన్న జట్టుతో ఆడే మ్యాచ్ ఎంచుకోండి. రెడ్ స్టార్, పార్టిజాన్ వచ్చే రోజు పోలీసులు, తనిఖీలు, బాణసంచా పొగ ఎక్కువ. వోయ్వోదినా వీరాభిమానుల గుంపు పేరు ఫిర్మా, 1989 టైటిల్ ఏడాదిలో మొదలైంది. వాళ్లు నిలబడే గోల్ వెనక స్టాండ్ కాకుండా పక్క స్టాండ్ టికెట్ తీసుకోండి. చొక్కా విషయంలో ఒక జాగ్రత్త: రెడ్ స్టార్ రంగులు కూడా ఎరుపు తెలుపులే. తెలియక వాళ్ల జెర్సీ కొనుక్కుని రాకండి, గేటు దగ్గరే గొడవవుతుంది. గింజల పొట్లం బయట అమ్ముతారు, లోపలికి వెళ్లేముందే కొనుక్కోండి. కుర్రాళ్లలో బాగా ఆడుతున్నవాడు కనిపిస్తే పేరు రాసిపెట్టుకోండి, మీ చదువు పూర్తయ్యేలోపు అతను ఏ దేశంలో ఉంటాడో చూద్దురుగాని.